ఇరవైయొక్క కీడుల కషాయం

ఈ కథలో ఒక్క అక్షరం అబద్ధమైతే నా నోట్లో పళ్ళన్నీ ఇప్పటికిప్పుడు రాలిపోవాలి. ఉన్నవి రెండే కదా అని నవ్వకండి. ఆ రెండిటితోనే నేను చెరుకుగడలు నమిలేది. వాటి మీదే ఒట్టు.

అనగనగా, పిచ్చుకలు పల్లకీ ఎక్కి పేరంటాలకు వెళ్ళే కాలంలో, ఉసిరికపట్నం అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో వాన పట్టుకుంటే నాలుగు నెలలు విడిచేది కాదు. చేపలు వీధి వెంట ఈదుకుంటూ వచ్చి, పొయ్యి రాజేశారా అని గడప దగ్గర అడిగి మరీ వంటింట్లోకి వెళ్ళేవి.

ఆ వానతోపాటే ఏటా చలిజ్వరం వచ్చేది. మనిషికి పట్టిందంటే మంచానికీ పట్టేది. వణికి వణికి మంచాలు ముందుగదిలోంచి పెరట్లోకి నడిచి వెళ్ళిపోయేవి. దానికి మందు ఒక్కటే, నేలవేము కషాయం. అది పాకం తప్పకుండా కాచగలవాడు ఒక్కడే, వైద్యుడు అక్కుభొట్లు.

అక్కుభొట్లు బహు మంచివాడు. ఎవరి పెరట్లోనో చీమ తన పంచెకు పాకి ఇంటిదాకా వస్తే, తిరిగి తీసుకెళ్ళి ఎక్కిన చోటే దించి వచ్చేవాడు. అంత మంచివాడికి ఉన్న జబ్బల్లా ఒకటే, భయం. తన చేతి మందు ఎవరికైనా చెరుపు చేస్తుందేమోనని పొద్దున్న లేస్తూనే భయం. మందు ఇచ్చేముందు భయం, ఇచ్చాక భయం. రోగి బాగుపడి నవ్వుతూ ఇంటికి పోతుంటే, వీధి మలుపులో జారిపడతాడేమోనని ఇంకో భయం.

ఆయన ఇంటి అరుగు మీద ఒక కుండ ఉండేది. ఆయన తాత పెట్టిన ఆచారం అది. కషాయం తాగి నయమైనవాడు వెళుతూ వెళుతూ ఆ కుండలో ఒక పెసరగింజ వేయాలి. కషాయం పడక కొత్త బాధ ఏదైనా వచ్చినవాడు మినపగింజ వేయాలి. మనుషులు నోటితో అడిగితే మొహమాటానికి బాగుందనేస్తారు, గింజ అయితే నిజం చెబుతుందని ఆ తాత నమ్మకం. మూడు తరాల గింజలు, పురుగు పట్టకుండా వేపాకు కలిపి, ఆ కుండలో దాచారు. సరిగ్గా మన కథ జరిగిన ఏడు తొలకరికి ఆ కుండ అంచుదాకా నిండింది. దాన్ని అరుగుకు పైనున్న అటకెక్కించి అక్కుభొట్లు కింద కొత్త కుండ పెట్టాడు.

ఆ ఏడే వచ్చిపడింది చిక్కు.

రాజు ముమ్మడి భూపతికి ఒక బావమరిది ఉండేవాడు. ఆయన జ్వరానికి కషాయం తాగాడు, జ్వరం తగ్గింది. కానీ ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ఆ పూట ఆయన ఏనుగు తలకాయంత పనసపండు ఒక్కడే తిన్నాడన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. దద్దుర్లు వస్తాయని నాకు ముందే ఎవరూ చెప్పలేదేమని ఆయన కోట కప్పు ఎగిరిపోయేట్టు అరిచాడు.

రాజు ధర్మాత్ముడు. ఆలోచించి, బావమరిది అన్నదాంట్లో న్యాయం ఉందన్నాడు. ఉంది కూడా. తన కడుపులోకి వెళ్ళేదేదో మనిషికి తెలియాలి కదా. వెంటనే కోటలోని లేఖకులు పాత తాటాకులన్నీ దులిపి, కషాయం తాగినవాళ్ళకు ఏనాడో ఎక్కడో వచ్చిన ప్రతి బాధనూ ఏరి పట్టీ కట్టారు. లెక్కకు ఇరవైయొక్క కీడులు తేలాయి. అందులో పదిహేడోది కాలు విరుగుట. పూర్వం ఒకాయన కషాయం తాగి కొబ్బరిచెట్టెక్కి పడ్డాడట. పడింది చెట్టు మీంచే అయినా, తాగింది కషాయం గనక పట్టీలో చేర్చారు.

ఆపైన రాజాజ్ఞ వెలువడింది. మందు ఇచ్చేముందు ఇరవైయొక్క కీడులూ రోగికి చదవాలి. ఒక్కొక్క కీడుకూ మూడు దెబ్బల చొప్పున డప్పు కొట్టి చాటాలి. ఒక్కటి తప్పినా వైద్యుడి కల్వం జప్తు.

కల్వమంటే మందులు నూరే రాయి. అక్కుభొట్లు కల్వం ముత్తాత తెచ్చిన నల్లరాయి. అది పోతే ఆయనకు చేతులు పోయినట్టే. ఆజ్ఞ విని ఆయన మూడు రోజులు అన్నం సహించక మజ్జిగ తాగి గడిపాడు. నాలుగోరోజు నుంచి అరుగు మీద చాటింపు మొదలైంది.

చాటేవాడు యలమంద. ఊరి చాటింపు పని వాళ్ళ నాన్నది, నాన్న తర్వాత అతనిది. యలమంద గొంతు మామూలు గొంతు కాదు. ఇక్కడ దగ్గితే పక్క రాజ్యంలో పాలు విరిగేవి. అతను నోరు తెరిచినప్పుడల్లా ఊళ్ళో చిలకలన్నీ లేచి వలసపోయి, సద్దుమణిగాక కబురు పెడితే తిరిగి వచ్చేవి. అతనూ అక్కుభొట్లూ ఒకే వీధిలో పుట్టారు, ఒకే వానలో తడిశారు. ఆయన వైద్యుడైనా, ఇతను డప్పు పట్టినా, అయ్యగారూ అని ఇతనూ, ఒరే యలమందా అని ఆయనా, రోజుకు పది మాటలు ఆడుకోనిదే పొద్దుపోయేది కాదు.

మొదటిరోజు వస్తాదు గండప్ప వచ్చాడు. రెండు ఎడ్లను రెండు చంకల్లో పెట్టుకుని ఏరు దాటించే మనిషి. అక్కుభొట్లు తాటాకు పట్టుకుని చదివాడు, యలమంద చాటాడు. మూడో కీడు చేతులు మొద్దుబారుట. డప్పు మీద మూడో దెబ్బ పడేసరికి గండప్ప చేతిలో చెంబు జారి కింద పడింది. అప్పటికి అతను గుక్కెడైనా తాగలేదు.

తర్వాత పూలమ్మే మాణిక్యం వచ్చింది. తొమ్మిదో కీడు వాసన తెలియకుండుట. ఆవిడ ఒక్క గుక్క తాగి, బుట్టలోంచి సంపెంగ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇదేం పువ్వు బాబూ అని అక్కుభొట్లునే అడిగింది.

మూడోవాడు ఉప్పుబండి తోలే బసవలింగం. అతను మందుకు రానేలేదు. వాన ఎక్కువైతే తలదాచుకుందామని అరుగెక్కాడు. పన్నెండో కీడు గుండెదడ అని డప్పు మోగగానే గుండె పట్టుకుని కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని, కుండలో ఒక మినపగింజ వేసి బయల్దేరబోయాడు. నువ్వు తాగనేలేదు కదా నాయనా అని అక్కుభొట్లు బిత్తరపోయి అడిగాడు.

"విన్నాను కదండీ" అన్నాడు బసవలింగం.

ఆ మాట అక్కుభొట్లు గుండెలో ముల్లులా దిగింది. దిగితే మాత్రం ఏం చేస్తాడు? తాటాకు మీద రాజముద్ర ఉంది. చదవకపోతే కల్వం పోతుంది, చదివితే కుండ నల్లబడుతోంది. ఏ రోజుకారోజు ఆయన కుండలోకి తొంగి చూసి, తన చేతిలోనే ఏదో తేడా వచ్చిందనుకుని, చేతులు పదిసార్లు కడుక్కునేవాడు. ఆకు మార్చాడు, నీళ్ళు మార్చాడు, కట్టెలు మార్చాడు. మినపగింజలు మారలేదు. వీధిలో పోయే మేక కూడా ఆ చాటింపు విని ఒక కాలు కుంటుతూ వెళ్ళిందని చూసినవాళ్ళు చెప్పారు.

చూడగా చూడగా జనం కషాయానికి రావడమే మానేశారు. జ్వరమైతే వణుకుతాం, అంతేకదా, కషాయమైతే ఇరవైయొక్క బాధలని లెక్క వేసుకున్నారు. దుప్పట్లు కప్పుకుని ఇళ్ళల్లో పడుకున్నారు. జ్వరం దుప్పటికి లొంగుతుందా? ఆ వానల్లో మందు తాగక ముగ్గురు పోయారు. ఇక్కడ మాత్రం పెంచి చెప్పను. ముగ్గురే. ముగ్గురు చాలు.

అప్పుడు, ఆశ్లేష కార్తెలో, యలమందకు జ్వరం పట్టింది.

అతని భార్య అంకమ్మ తడుస్తూ పరిగెత్తుకొచ్చి చెప్పింది. అక్కుభొట్లు కాళ్ళకు చెప్పులైనా లేకుండా కషాయం చెంబు పట్టుకుని వెళ్ళాడు. యలమంద గొంగట్లో ముడుచుకుని ఉన్నాడు. డప్పు గోడ మేకుకు వేలాడుతోంది. ఊరినంతా దడదడలాడించిన మనిషి పళ్ళు టకటక కొట్టుకుంటుంటే, ఆ చప్పుడుకు డప్పు దానంతటదే చిన్నగా మోగుతోంది.

అక్కుభొట్లు తాటాకు విప్పబోయాడు. చదవక్కర్లేదు అయ్యగారూ, నాకు వచ్చు అన్నాడు యలమంద. వచ్చు మరి, ఎన్నిసార్లు చాటాడు. అందరికీ ఎవరో ఒకరు చదివితే గానీ తెలియదు. ఇతనికి పట్టీ ఒంట్లోనే ఉంది. ఒక్కొక్కటే గొణిగాడు. నాలుక మొద్దుబారుట అన్నాడు, నాలుక మడత పడింది. అరికాళ్ళ మంట అన్నాడు, కాళ్ళు విదిలించాడు. దడ అన్నాడు, రొమ్ము ఎగిరెగిరిపడింది. పదిహేడోది దగ్గర కాలు విరగలేదు గానీ మంచం కోడు విరిగింది. ఇరవైయొకటోది, ఊపిరి అందకపోవుట, అనేసరికి నిజంగానే ఊపిరి కోసం తన్నుకున్నాడు. కషాయం పెదవి తాకీ తాకకముందే ఒలికిపోయింది.

అక్కుభొట్లు ఇంటికి వచ్చి పీట మీద కూలబడ్డాడు. ఆయన భార్య శేషమ్మ చురుకైన మనిషి. ఇంత చదువూ చదివి ఇంత అమాయకత్వమేమిటండీ, చెప్పకుండా ఇవ్వండి, బెల్లం పానకంలో కలిపి పంపుతాను, మనిషి బతికాక చెప్పుకోవచ్చు అంది. ఆయన సరే అనలేదు. వద్దనీ అనలేదు. భయపడేవాడి ఒప్పుకోలు అలాగే ఉంటుంది.

మర్నాడు పానకం గిన్నెతో వెళ్ళాడు. యలమంద ఒక గుక్క తాగి ఆగాడు. యాలకులు కొట్టి, మిరియాలు వేసి, శేర్లకొద్దీ బెల్లం కలిపినా నేలవేము చేదు దాగుతుందా? గిన్నె కింద పెట్టి స్నేహితుడి మొహంలోకి చూశాడు.

"దాచావా, అయ్యగారూ" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే అక్కుభొట్లుకు ప్రాణం కాస్త తేలికపడేది. "ఇరవైయొకటీ మొహం మీద చదివినవాడివి. ఆ నువ్వే దాచి పోశావంటే, పట్టీకెక్కని ఇరవైరెండోది ఏదో ఉంది. చెప్పడానికి నీకే నోరు రావడంలేదు."

అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక గంజి ఇచ్చినా వాసన చూశాడు, నీళ్ళిచ్చినా అనుమానపడ్డాడు. ఏ చేతి నుంచీ ఏదీ పుచ్చుకోలేదు. ఒళ్ళు పెనంలా కాలిపోయింది. అంకమ్మ తడిగుడ్డ వేస్తే ఆవిరై కప్పులోంచి మేఘంలా పైకి లేచిందట.

గుమ్మం బయట అంకమ్మ అక్కుభొట్లును నిలబెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెల్లగా ఒకే మాట చెప్పింది. "కాపరానికొచ్చి ముప్పై ఏళ్ళు సామీ. ఆయన నోరు మూసుకోవడం నేను చూడలేదు. నాకు భయంగా ఉంది."

అక్కుభొట్లు ఇంటికి ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు. చెబితే చెడింది. దాస్తే ఇంకా చెడింది. చెప్పడానికీ దాచడానికీ మధ్య మూడో దారి ఏ వైద్యగ్రంథంలోనూ లేదు. పాత గ్రంథాల్లో ఏమైనా దొరుకుతుందేమోనని అటకెక్కాడు. అక్కడ తాతగారి కుండ తగిలింది. మూత జారి, గుప్పెడు గింజలు కింద అరుగు మీదకు రాలాయి, కొత్త కుండ పక్కనే.

ఏరడానికి దిగి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

రాలిన గింజలన్నీ పచ్చగా ఉన్నాయి. ఎంత వెతికినా నల్లది ఒక్కటే కనబడింది. పక్కన కొత్త కుండలో సగానికి సగం నలుపు. ఆకు అదే, కల్వం అదే, పాకం అదే. ఆ కుండకూ ఈ కుండకూ మధ్య కొత్తగా వచ్చిందల్లా ఒక తాటాకూ, ఒక డప్పూ. విన్నాను కదండీ అని బసవలింగం అన్న మాట మళ్ళీ చెవిలో పడింది. అక్కుభొట్లుకు ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ తను చేతులు కడుక్కున్నాడే గానీ, నోటి సంగతి తలుచుకోనేలేదు.

రెండు కుండలూ రెండు చంకల్లో ఎత్తుకుని, కషాయం చెంబు చేత్తో పట్టుకుని వానలో బయల్దేరాడు. వీధిలో నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. ఒకచోట చేప ఒకటి దారికి అడ్డొస్తే, పక్కకు తప్పుకోమ్మా, ప్రాణం మీదికొచ్చిందని బతిమాలుకున్నాడు. అది తప్పుకుంది. ఒట్టు.

యలమంద కళ్ళు తెరవలేదు. అక్కుభొట్లు మంచం పక్కన కింద కూర్చుని, ముందు తన తప్పు ఒప్పుకున్నాడు. పానకంలో దాచి పొయ్యడం తప్పేనన్నాడు. ఇరవైరెండోది ఏదీ లేదన్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్ళ వైద్యంలో ఏ రోగినీ అడగని ప్రశ్న అడిగాడు.

"ఒరే యలమందా, నీకు ఎంతవరకు చెప్పమంటావు? అంతా చెప్పనా? తెలియాల్సినంత మటుకు చెప్పనా? నువ్వు వినలేనంటే అంకమ్మకు చెప్పి ఊరుకోనా?"

గోడవైపు నుంచి గొంతు వచ్చింది. ఊరంతా వినబడే గొంతు, ఇప్పుడు మంచం దాటి రావడంలేదు.

"అంతా చెప్పు. నాకు తెలియనిది కూడా."

అక్కుభొట్లు తాతగారి కుండ దగ్గరికి జరిపి గుప్పెడు తియ్యమన్నాడు. యలమంద తీసి చూశాడు. అన్నీ పచ్చనివే. ఇంకో గుప్పెడు తీశాడు. పచ్చనివాటి మధ్య ఒక్క నల్లగింజ. తర్వాత కొత్త కుండలోంచి తియ్యమన్నాడు. అరచేతిలో సగం నల్లగా ఉంది.

"రెండిట్లోదీ ఒకటే కషాయమా?"

"అదే ఆకు, అదే కల్వం, అదే చెయ్యి."

"మరి?"

యలమంద చూపు గింజల మీంచి లేచి, గది చుట్టూ తిరిగి, గోడ మేకు దగ్గర ఆగింది.

"నా డప్పా?" అన్నాడు.

"నీ డప్పూ, నా తాటాకూ." అన్నాడు అక్కుభొట్లు. "మినపగింజ వేసినవాళ్ళు అబద్ధమాడలేదురా. గండప్ప చెయ్యి నిజంగానే మొద్దుబారింది. భయం వల్ల పుట్టిన నొప్పి కూడా నొప్పే. మనం అబద్ధం చెప్పలేదు, నిజం సగమే చెప్పాం. బాధపడిన ఒక్కడి సంగతీ ఊరంతా చాటాం. బాగుపడి ఇంటికి పోయిన వందమంది సంగతి ఒక్కడికీ చెప్పలేదు."

యలమంద కళ్ళ చివర నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. తుడుచుకోలేదు.

అప్పుడు అక్కుభొట్లు తాటాకు చూడకుండా, డప్పు లేకుండా, పక్కింటివాడు మాట్లాడినట్టు మాట్లాడాడు. నోరు చేదవుతుంది, అందరికీ అవుతుంది, అది కీడు కాదు, రుచి. నలుగురిలో ఒకడికి కడుపు గడబిడ చేస్తుంది, ఒక పూట ఉండి పోతుంది, దానికెవరూ నల్లగింజ వెయ్యలేదు. గుప్పెళ్ళకు గుప్పెళ్ళు తీస్తే ఎక్కడో ఒకరికి దద్దుర్లు వస్తాయి. వస్తే తాగడం ఆపి నాకు కబురుపెట్టు, విరుగుడు నా దగ్గరుంది, నేను ఈ గుమ్మంలోనే ఉంటాను. ఊపిరి సంగతా? మా తాత నాటి నుంచి నేటివరకు ఈ ఊళ్ళో ఒక్కరికీ రాలేదు, రాదని ప్రమాణం చెయ్యలేను. మిగిలినవి ఎప్పుడో ఎక్కడో ఎవరికో వచ్చినవి, కషాయం వల్లే వచ్చాయో లేదో రాసినవాడికే తెలియదు. పదిహేడోవాడు మటుకు చెట్టు మీంచి పడ్డాడు.

అంత జ్వరంలోనూ యలమంద పెదవి ఒక పక్కకు కదిలింది.

"ఇంకో సంగతి" అన్నాడు అక్కుభొట్లు. "ఈ పాత కుండలో నీ గింజ ఉంది."

"నాదా?"

"నీకు ఐదేళ్ళప్పుడు ఇదే జ్వరం వచ్చింది. మా నాన్న ఇదే కషాయం పోశాడు. నువ్వు మొదటి గుక్క నా పంచె మీద ఉమ్మావు, రెండోది మింగావు. నయమయ్యాక ఒక గింజ వెయ్యమంటే దోసెడు పోశావు. ఒకటి ఉంచి మిగతావన్నీ ఏరలేక మా నాన్న పడ్డ అవస్థ నాకింకా గుర్తు."

యలమంద మోచేతి మీద లేచి, కుండలోకి చెయ్యి పెట్టి కలియబెట్టాడు. "ఏది నాది?"

"అది మటుకు నాకు తెలియదు. పచ్చవాటిలో ఉంది."

చాలాసేపు వెతికాడు. ఒక గింజ తీసి చూస్తాడు, మళ్ళీ వేస్తాడు, ఇంకోటి తీస్తాడు. వెతుకుతూ వెతుకుతూనే రెండో చెయ్యి చాపాడు. అక్కుభొట్లు ఆ చేతిలో చెంబు పెట్టాడు. యలమంద చూసే తాగాడు. చేదుకు మొహం వికారంగా పెట్టి, ఇది రుచి అని గొణిగి, చెంబు ఖాళీ చేశాడు.

ఇక అక్కుభొట్లు అవస్థ చూడాలి. మాటిచ్చినట్టు గుమ్మంలోనే కూర్చున్నాడు. లోపల దుప్పటి కదిలితే దద్దుర్లేమో అనుకున్నాడు. కదలకపోతే ఇంకేదో అనుకున్నాడు. ఊపిరి చప్పుడు లెక్కపెట్టాడు. లెక్క తప్పితే మొదటినుంచి పెట్టాడు. ఆ ఒక్క రోజులో ఆయన జుట్టు నెరిసి, ఊడి, మళ్ళీ మొలిచి, మళ్ళీ నెరిసింది.

సాయంత్రానికి యలమంద కడుపు గడబిడలాడింది. అయ్యగారూ, ఇది నువ్వు చెప్పిన గడబిడేనా అని లోపలినుంచి అడిగాడు. అదే, ఒక పూట ఉంటుందన్నాడు అక్కుభొట్లు. ఒక పూటే ఉంది. రెండోరోజు చెమట పట్టింది. ఆ చెమటకు వీధిలో నీళ్ళు జానెడు పెరిగాయి. మూడోరోజు పొద్దున్నే, గంజిలో ఉప్పేదే అంకమ్మా అని ఒక కేక వినబడింది. ఊళ్ళో చిలకలన్నీ లేచి పక్క రాజ్యానికి పోయాయి.

గుమ్మంలో అక్కుభొట్లు మొహం కప్పుకుని ఏడ్చాడు.

సంతోషం పూర్తిగా ఇంకకముందే తలారి వచ్చాడు. డప్పు మోగకుండా కషాయం పోశావట, కల్వం పట్టుకుని కోటకు రమ్మన్నాడు. అక్కుభొట్లు కల్వాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని నడిచాడు. వెనకే యలమంద, అంకమ్మ భుజం ఆసరాతో, రెండు కుండలు మోయించుకుని వచ్చాడు.

కీడులు చాటకుండా ఎలా ఇచ్చావని రాజు అడిగాడు. యలమంద ముందుకొచ్చి, ఇరవైయొకటీ ఈ నోటితోనే చెప్పుకున్నాను మహారాజా, ఆయన ఒక్కటీ దాచలేదు, మీ పట్టీలో లేనిది ఇంకొంచెం కలిపి చెప్పాడు, అదే నన్ను బతికించింది అన్నాడు. కుండలు రాజు ముందు పెట్టాడు.

రాజు చెయ్యి పెట్టాడు. పాత కుండలో గుప్పెడు, కొత్త కుండలో గుప్పెడు. రెండు అరచేతులూ తెరిచి పోల్చి చూశాడు. ఆపైన అడిగాడు. "ఈ వానల్లో ముగ్గురు పోయారని విన్నాను. వాళ్ళ గింజలు ఏ కుండలో ఉన్నాయి?"

"వాళ్ళు గింజలు వేయలేదు ప్రభూ" అన్నాడు అక్కుభొట్లు. "కషాయం తాగనేలేదు."

రాజు గింజల్ని ఏ కుండవి ఆ కుండలో వేసి, కల్వాన్ని తన చేతులతో అక్కుభొట్లుకు తిరిగి ఇచ్చాడు. అయితే ఇక చెప్పడమే మానెయ్యమంటారా అని బావమరిది విసుక్కున్నాడు. మానొద్దన్నాడు రాజు. ఆజ్ఞ మాత్రం మార్చాడు. రోగిని ముందు అడగాలి, ఎంత తెలుసుకుంటావని. అడిగినంత చెప్పాలి, దాచకూడదు. ముఖ్యమైన కీడులు, ఏది వస్తే ఏం చెయ్యాలో, అడగకపోయినా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాలి. నల్లగింజ చూపించే చెయ్యి, అదే అరచేతిలో పచ్చగింజల్ని కూడా చూపించాలి. డప్పు వాడాలనుకుంటే నయమైనవాళ్ళ పేర్లకు వాడుకోండి అన్నాడు.

ఆ సాయంత్రం యలమంద అక్కుభొట్లు అరుగెక్కాడు. కుండలో వెయ్యడానికి తెచ్చిన పెసరగింజ మీద గోటితో చిన్న గాటు పెట్టాడు. ఎందుకురా అంటే, ఈసారి వెతుక్కుంటే దొరకాలిగా అయ్యగారూ అన్నాడు. ఆ తర్వాత డప్పు మీద మూడు దెబ్బలు వేసి, తన పేరే ఊరంతా వినబడేట్టు చాటుకున్నాడు. గండప్ప విన్నాడు, అతని చేతికి పట్టు తిరిగొచ్చింది. మాణిక్యం విన్నది, బుట్టలో ఉన్నది సంపెంగేనని తెలుసుకున్నది. మేక మటుకు ఇంకా కుంటుతూనే ఉంది. దాన్ని కూర్చోబెట్టి నచ్చచెప్పే తీరిక ఎవరికీ లేకపోయింది.

అక్కుభొట్లు భయం పోయిందా అంటారేమో. పోలేదు. కానీ దాన్ని రోగి చెవిలో పొయ్యడం మానేశాడు.

కథ అయిపోయింది. ఎవరు లేచేది ఇప్పుడు? నువ్వే లే, గుమ్మం పక్కన కూర్చున్నదానివి. వంటింట్లో గట్టు మీద చిన్న చెంబులో కషాయం ఉంది, ఒలకకుండా పక్కింటి మంగతాయి పిన్నికి ఇచ్చి రా. పొద్దుటినుంచి వణుకుతోంది పాపం. చేదుగా ఉంటుందని చెప్పు, దాచకు. కడుపులో కాస్త తిప్పినా కంగారుపడొద్దనీ, ఒంటి మీద దద్దుర్లు కనబడితే నన్ను కేకెయ్యమనీ చెప్పు. కిందటేడు ఇదే తాగి మీ అమ్మ మూడోనాడు గారెలు వండిందన్న సంగతి కూడా చెప్పి, తాగేదాకా పక్కన కూర్చో. ఎందుకంటే తల్లీ, ప్రమాదం దాచినవాడు నమ్మకాన్ని చంపుతాడు, ప్రమాదం ఒక్కటే చెప్పినవాడు మనిషినే చంపుతాడు, పూర్తి నిజం పక్కన కూర్చుని చెప్పినవాడే వైద్యుడు.